తొలి వానకు గింజ పెట్టకండి: వానాకాలం సాగుకు ముందు జాగ్రత్తలు

2025 జూన్ రెండో వారంలో మా కాక నన్ను చేనుకు పిలిచాడు. సాలు పక్కన కూర్చుని కొడవలి కొసతో మట్టి గీరాడు. రెండు వేళ్ల లోతులో పత్తి గింజ దొరికింది. గింజ ఉబ్బింది, పెంకు పగిలింది, వేరు కూడా కొంచెం బయటికి వచ్చింది. కానీ ఆ వేరు కొస కాలిన దారంలా నల్లబడి ఉంది. పక్క కుదురు గీరాడు, అదే. పై సాలుకు పోయి గీరాడు, అక్కడా అదే. ఐదెకరాల కౌలు చేను అది. మే చివర్లో పడ్డ వానకు గింజలు పెట్టాడు. జూన్ పదిహేనుకు ఒక్క మొలక కూడా మిగల్లేదు.

ఆ ఏడు రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదటిసారి. మామూలుగా జూన్ 10 ప్రాంతంలో తెలంగాణకు వచ్చేవి, ఆసారి మే నెలలోనే వచ్చేశాయి. టీవీల్లో, ఫోన్లలో ఒకటే మాట: రుతుపవనాలు వచ్చేశాయి. ఊరంతా దంతెలు, గొర్రులు బయటికి తీసింది. ఆ తర్వాత మే ఆఖరు నుంచి జూన్ నడుమ దాకా రుతుపవనాలు ఉన్నచోటే ఆగిపోయాయి. పైన ఎండ, కింద సగం తడిసిన దుక్కి. అదే ఏడాది ఆగస్టు ఆఖర్లో కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. సీజన్ మొత్తం లెక్క తీస్తే రాష్ట్రంలో సగటు కంటే బాగా ఎక్కువ వాన. ఆ లెక్కతో మా కాకకు ఒరిగిందేమీ లేదు.

అందుకే ఈ వానాకాలం మొదలయ్యేలోపు ఇది రాస్తున్నాను. కలుపు ఎప్పుడు తీయాలి, ఏ మందు కొట్టాలి అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను పదహారేళ్లుగా పత్తి పెడుతున్నాను. మా చుట్టుపక్కల పురుగు వల్ల మునిగినవాళ్ల కన్నా, ధర లేక మునిగినవాళ్ల కన్నా, తొలి వానకు గింజ పెట్టి మునిగినవాళ్లే ఎక్కువ. తొలి వానకు గింజ పెట్టకండి. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

వాన ఎంత అని కాదు, ఎట్లా పడుతోంది అని చూడండి

2020 నుంచి 2025 దాకా వరసగా ఆరు వానాకాలాలు తెలంగాణలో రాష్ట్ర సగటు వాన సాధారణం కంటే ఎక్కువే. ఆ ఆరేళ్లలోనూ గింజలు ఎండిపోయి రెండోసారి పెట్టినవాళ్లు మా మండలంలో ఉన్నారు. ఎందుకో 2023 చూస్తే అర్థమవుతుంది. ఆ ఏడు జూన్‌లో మూడు వారాలు గడిచినా సరైన వాన లేదు. జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. వెంటనే వచ్చిన ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కల్లో ఉన్న ఆగస్టులన్నిటిలోకీ పొడి ఆగస్టు. ఒకే పంటను ముందు ఎండ చంపింది, తర్వాత నీళ్లు చంపాయి, మళ్లీ బెట్ట చంపింది. చివరికి రాష్ట్ర సగటు సాధారణాన్ని దాటింది!

ఇది ఒక్క ఏడాది ముచ్చట కాదు. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951-80తో పోలిస్తే 1981-2011 మధ్య వానాకాలంలో పొడి విరామాలు 27 శాతం పెరిగాయి. మధ్య భారతంలో ఒక్కరోజులో 15 సెంటీమీటర్లు దాటే వానలు 1950 నుంచి 2015 మధ్య సుమారు 75 శాతం ఎక్కువయ్యాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే ఇప్పుడు వాన చాలా రోజులు బిగబట్టి, ఒక్కసారిగా కుమ్మరిస్తోంది. మన తాతల కాలంలో మూడు రోజుల ముసురుగా నేలలో ఇంకిన నీళ్లే ఇప్పుడు మూడు గంటల్లో గట్లు తెంపుకుని వాగులోకి పోతున్నాయి.

"ఈ ఏడు సాధారణ వర్షపాతం" అన్న వార్త చూసి ధైర్యం తెచ్చుకోకండి. రాష్ట్రం లేదా జిల్లా లెక్కలో సగటుకు 19 శాతం తక్కువ పడ్డా, 19 శాతం ఎక్కువ పడ్డా దాన్ని "సాధారణం" అనే అంటారు. అది కూడా నాలుగు నెలల మొత్తం. మీ గింజకు కావాల్సింది మొదటి పదిహేను రోజుల తడి.

తొలి వాన ఎందుకు మోసం చేస్తుంది

రోహిణిలో రోళ్లు పగిలేంత ఎండ అంటాం. మే నెలంతా కాగిన నల్లరేగడి మీద ఒక పెద్ద వాన పడితే పైన నాలుగు వేళ్ల మందం తడుస్తుంది. కింద ఇంకా పొడి, ఇంకా వేడి. గింజకు మొలవడానికి ఆ నాలుగు వేళ్ల తడి చాలు. కానీ వేరు కిందికి దిగేసరికి అక్కడ తడి ఉండదు. పైన ఎండకు ఆ కాస్త పదును మూడు, నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. అసలు వాన పడకపోతే గింజ గింజలాగే ఉండేది. కొంచెం పడింది కాబట్టే చచ్చింది. పొడి దుక్కిలో గింజ పెట్టి వాన కోసం చూసేవాళ్లకు జరిగేదీ ఇదే. ముందు చిన్న జల్లు పడుతుంది, గింజ ఉబ్బుతుంది, తర్వాత ఎండ.

ఎర్ర చల్కా నేలల్లో ఇంకో బాధ ఉంది. గట్టి వాన కొట్టి వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. మొలక దాన్ని పగలగొట్టలేక లోపలే వంగిపోతుంది.

ఎంత వాన చాలు

తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నల్లనేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ప్రతి ఏడూ చెబుతున్నారు. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్లు. 60 మిల్లీమీటర్లంటే రెండు లక్షల నలభై వేల లీటర్లు. కాగిన నేల దాహం అంత.

కొలవడానికి పరికరం కొనక్కర్లేదు. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్టుకు, ఇంటి చూరుకు దూరంగా చేనులోనే కర్రకు కట్టండి. వాన ఆగాక స్కేలుతో నీళ్ల ఎత్తు చూడండి. ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే అన్ని మిల్లీమీటర్ల వాన. పిల్లల స్కేలు చాలు. డబ్బాలో నీళ్లు పారబోసి తేదీ, అంకె నోటుబుక్కులో రాయండి.

ఆ అంకె మూడు నాలుగు రోజుల్లో పడ్డదై ఉండాలి. ఇరవై రోజుల్లో పడ్డ జల్లులన్నీ కలిపి అరవై అయిందని చూపించుకోకండి. గంటలో ఎనభై కురిసినా లెక్క కాదు, అందులో సగానికి పైగా వాగుకు పోయి ఉంటుంది. అందుకే డబ్బా చూశాక పార పట్టుకోండి. చేనులో మెరకన ఒకచోట, పల్లంలో ఒకచోట జానెడు లోతు తవ్వండి. అడుగున ఉన్న మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, చేతికి అంటుకోకూడదు. ముద్ద కాలేదంటే ఆగండి. పక్క చేను వాళ్లు పెట్టారా లేదా అన్నది అనవసరం. పక్క చేను వాళ్ల అప్పు మీరు కట్టరు, మీ అప్పు వాళ్లు కట్టరు.

పత్తికి జూలై 15 దాకా టైం ఉంది. ఆలస్యమైతే దిగుబడి కొంత తగ్గుతుంది, కాదనను. కానీ రెండుసార్లు గింజలు పెట్టినవాడు చివరికి జూలైలోనే పెడుతున్నాడు, రెండింతల ఖర్చుతో. 2025లో బీటీ పత్తి ప్యాకెట్ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు. మా కాక ఐదెకరాలకు ఒక్క విత్తుకు తొమ్మిది వేల పది రూపాయలు. పైన దున్నకం, కూలీలు. రెండోసారి ఉద్దెర తెచ్చాడు. ఉద్దెర ఇచ్చిన షావుకారికే పత్తి అమ్మాలన్నది మాట. అక్కడ ధర ఆయన చెప్పిందే. ఒక్క వానను నమ్మినందుకు ఆయన ఏడాది మొత్తం ఆ షావుకారు చేతికి పోయింది. కౌలు రైతులూ, ముఖ్యంగా మీకే చెబుతున్నా: కౌలు ముందే కట్టి ఉంటారు, రెండోసారి గింజకు మీ దగ్గర డబ్బు ఉండదు. తొలి వానకు గింజ పెట్టకండి.

ఇక మిగతావి

వాతావరణ శాఖ రాబోయే నాలుగు వారాల అంచనాను ప్రతి గురువారం ఇస్తుంది. జిల్లాల వారీ సాగు సలహా మంగళ, శుక్రవారాల్లో వస్తుంది, మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే ఉంటుంది. గింజ పెట్టే ముందు రెండూ చూడండి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన జోస్యం చూడకండి.

చేను మొత్తం ఒకే రోజు పెట్టకండి. పదును బాగా ఉన్న సగం ముందు, మిగతా సగం వారం ఆగి.

ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేయండి. పత్తి దెబ్బతిన్నా కంది నిలబడుతుంది, దాని వేరు లోతుకు పోతుంది.

జూలై 15 దాటితే పత్తి మాట మరిచిపోండి. కంది, ఆముదం చూసుకోండి.

నల్లనేలలో నీళ్లు పోయే కాలువలు గింజ పెట్టకముందే తీయండి. జూన్‌లో బెట్ట గురించి భయపడ్డ చేనే జూలైలో మునుగుతుంది. మోకాలి లోతు బురదలో కాలువ తీయలేరు.

ఎరువు గింజకు ఆనించి వేయకండి. తడి చాలని నేలలో ఎరువు ఉప్పులా పనిచేసి మొలకను కాలుస్తుంది.

లూజు గింజలు కొనకండి. సంచిలో తెచ్చి రాత్రిపూట అమ్మేది ఏదైనా కొనకండి. బిల్లు తీసుకోండి. బిల్లు మీద లాట్ నంబరు ఉందో లేదో అక్కడే చూడండి. ఖాళీ ప్యాకెట్లు, గుప్పెడు గింజలు పత్తి ఏరే దాకా దాచండి. బిల్లు లేకపోతే మీరు ఎవరినీ అడగలేరు.

మొలక రాని చోట్ల మళ్లీ పెట్టాలంటే ముందు తవ్వి గింజ చూడండి. గింజ గట్టిగా ఉంటే బతికే ఉంది, ఇంకో వానకు వస్తుంది. మెత్తబడి వాసన వస్తేనే మళ్లీ పెట్టండి. తొందరపడి బతికున్న గింజ మీద రెండో గింజ పెట్టినవాళ్లను చూశాను.

ముందుగా పెట్టిన పత్తి ముందుగా పగులుతుంది. పగిలే వేళకు సెప్టెంబరు, అక్టోబరు వానలు మీద పడతాయి. పత్తిలో తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. తొలి వానకు పెట్టకూడదు అనడానికి ఇది రెండో కారణం.

వరి వాళ్లు కూడా వినండి. రాత్రుళ్ల వేడిని తేలిగ్గా తీసుకోకండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో ఎండాకాలపు పంటకు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం తగ్గిందని 2004లోనే తేల్చారు. పూత సమయంలో 35 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది. యాసంగి నాటు ఆలస్యం చేయకండి.

మే నెల దుక్కులు ఉదయం పది లోపు ముగించండి. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. ఎండిన గొంతుతో చేనులో ఒంటరిగా ఉండకండి.

ఉరుము వినపడితే చెట్టు కిందికి పోకండి. ఎడ్లను చెట్టుకు కట్టకండి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి.

తడి చేతులతో స్టార్టర్ ముట్టకండి. మోటారు మునుగుతోందని వరదలోకి దిగకండి. మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు.

వాగు మీది నుంచి నీళ్లు పారుతుంటే బండి దాటించకండి. మోకాలి లోతే అని ఎవరు చెప్పినా సరే. ట్రాక్టర్ అయినా సరే.

స్టాక్ అయిపోతుందని డీలర్ తొందరపెడితే ప్యాకెట్లు కొనండి, బిల్లు తీసుకోండి, తెచ్చి ఇంట్లో నీడలో పెట్టండి. కొన్నారు కదా అని తొలి వానకు పెట్టకండి. మా కాక పోయిన వారం ప్యాకెట్లు తెచ్చి అటక మీద పెట్టాడు. చేనులో కర్రకు డబ్బా కట్టాడు. నిన్న రాత్రి వాన పడితే పొద్దున్నే ఫోన్ చేశాడు: "పద్దెనిమిది ఉందిరా, ఆగుతున్నా."