విశాఖ నుంచి చిన్న విమానంలో వెళ్లేటప్పుడు ఇంధనం లెక్క ఎలా వేయాలి? ఇంజన్ ఆగితే ఎలా దిగాలి?

బండిలో పెట్రోలు అయిపోతే పక్కకి తీసి ఆపుతాం. గాల్లో ఆపడానికి పక్కంటూ లేదు. అందుకే పైలట్ తన ఇంధనాన్ని నిమిషాల్లో లెక్కపెట్టుకోవాలి.

1. దారి, గాలి చూడండి. విశాఖ నుంచి రాజమండ్రి మధురపూడికి తిన్నగా సుమారు 88 నాటికల్ మైళ్లు (కింద మైళ్లన్నీ ఇవే). సెస్నా 172 అనే చిన్న విమానం గంటకు 110 మైళ్ల వేగంతో వెళ్తే 48 నిమిషాలు. ఎదురుగాలి 20 ఉంటే దాదాపు గంట. నైరుతి రుతుపవనాల రోజుల్లో అటు వెళ్తుంటే గాలి ఎదురే. గంటకు 35 లీటర్లు తాగే ఇంజన్ అనుకుందాం, అంటే దారికి 35 లీటర్లు.

2. దానిపై కలపండి. నేలమీద రన్‌వే దాకా నడపడానికీ (ట్యాక్సీ), పైకెక్కడానికీ 6 లీటర్లు. రాజమండ్రిలో దిగలేకపోతే అదే ఎదురుగాలిలో గన్నవరం దాకా మరో 45 నిమిషాలు, అంటే కాస్త ఎక్కువేసి 27 లీటర్లు. ఆపైన ముట్టుకోకూడని రిజర్వు: అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పగలు 30 నిమిషాలు, రాత్రి 45. పగలైనా 45 ఉంచుకోమనే నేను చెబుతాను. అంటే మరో 27. మొత్తం 95 లీటర్లు. తిరుగు ప్రయాణానికి మళ్లీ మొదటి నుంచి లెక్క వేయండి. విశాఖ రన్‌వే నేవీది, దిగేముందు చక్కర్లు కొట్టాల్సి రావచ్చు.

3. కళ్లతో చూసి కొలవండి. గేజిని నమ్మి బయల్దేరకండి, ట్యాంకు మూత తీసి డిప్ స్టిక్ ముంచి చూడండి. 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767కి కిలోలు, పౌండ్ల తికమకలో సగం ఇంధనమే పోశారు. దారి మధ్యలో రెండు ఇంజన్లూ ఆగాయి. పైలట్లు దాన్ని గ్లైడర్‌లా దింపి అందరినీ కాపాడారు. విశాఖ ఉప్పుగాలిలో తేమ ఎక్కువ కాబట్టి సగం ఖాళీ ట్యాంకులో రాత్రికి నీరు చేరుతుంది. పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి గ్లాసులోకి కొద్దిగా పట్టండి. ఈ విమానాల్లో పోసే పెట్రోలు (100ఎల్ఎల్ ఆవ్‌గ్యాస్) నీలిరంగులో ఉంటుంది, నీరు కిందికి దిగుతుంది. గ్లాసంతా తేటగా, రంగు లేకుండా ఉందా? అదంతా నీరే కావచ్చు.

4. గాల్లో అరగంటకోసారి మిగిలింది రాసుకోండి. ఇంకాస్త ఆలస్యమైతే రిజర్వు మీద పడేలా ఉంటే ఏటీసీకి (నేలమీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లకు) ‘మినిమం ఫ్యూయల్’ అని చెప్పండి. రిజర్వు వాడక తప్పదని తేలితే ‘మేడే ఫ్యూయల్’ (మేడే అంటే ప్రాణాపాయం అని చెప్పే పిలుపు). మొహమాటపడకండి.

5. ఇంజన్ ఆగిందా? ముందు వేగం. సెస్నా 172కి మోడల్‌ని బట్టి 65–68 నాట్స్ (గంటకు అన్ని నాటికల్ మైళ్లు). వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర మైలు జారగలరు. వెంటనే చోటు ఎంచుకోండి. కోత అయిన పొలం మేలు. నీళ్లు నిండిన వరిమడిలో చక్రం దిగబడి విమానం బోర్లా పడుతుంది. అనకాపల్లి వైపు చెరకుతోట పైనుంచి పచ్చిక బయలులా కనిపిస్తుంది, నమ్మకండి. కరెంటు తీగలు కనిపించవు, స్తంభాల వరస వెతకండి. బీచ్‌లో జనముంటే ఆ వైపు వద్దు. సముద్రమే గతి అయితే అలల వరసకు సమాంతరంగా దిగండి. లైఫ్ జాకెట్‌లో గాలి బయటికొచ్చాకే నింపాలి.

చోటు కుదిరాక, ఎత్తుంటే, ట్యాంకు మార్చి, మిక్శ్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాలు) పూర్తిగా ఇచ్చి, కార్బురేటర్‌లో మంచు కరిగించే కార్బురేటర్ హీట్ లాగి మళ్లీ స్టార్ట్ చేయండి. రేడియోలో మేడే మూడుసార్లు (ఏటీసీ అందకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5లో), విమానాన్ని రాడార్‌కు చూపించే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700. నేల తాకేముందు ఇంధనం, ఇగ్నిషన్ కట్టేసి తలుపులు కాస్త తెరిచి ఉంచండి, దెబ్బకు బిగుసుకుపోతే బయటికి రాలేరు.

టేకాఫ్ అయిన వెంటనే, తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే మాత్రం రన్‌వే వైపు తిరగకండి. ముందు కనిపించే చోటే దిగండి.