సోలార్ ప్రకటన చూసి డబ్బు కట్టే ముందు

వేసవి దగ్గరపడటంతో బెంగళూరులోని మన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఇంటి సోలార్ ప్రకటనలు పెరుగుతున్నాయి. సంతకం చేసే ముందు ఇవి తప్పక పరిశీలించండి.

• ‘ప్రభుత్వ ప్యానెళ్లు ఉచితం’ అన్న మాట నమ్మి అడ్వాన్సు కట్టవద్దు. సొంతంగా పెట్టించుకునే ఇంటికి కేంద్ర ప్రభుత్వపు పీఎం సూర్యఘర్ పథకం ఇచ్చేది రాయితీ మాత్రమే: 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లకూ ఆపైనా గరిష్ఠంగా 78,000 రూపాయలు. ప్యానెళ్లు బిగించి, తనిఖీ పూర్తయ్యాకే ఆ సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది కనుక, రాయితీ ఇప్పిస్తామంటూ ముందుగా రుసుమో, ఓటీపీయో అడిగేవారిని దూరం పెట్టండి.

• అమ్మే సంస్థ పథకపు జాతీయ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో చూడండి. లేకపోతే రాయితీ రాదు.

• ‘కరెంటు పోయినా చింత లేదు’ అంటే, బ్యాటరీ ఉందా అని అడగండి. గ్రిడ్‌కు కలిపిన మామూలు వ్యవస్థ, లైన్ మీద పనిచేసే సిబ్బంది భద్రత కోసం, సరఫరా ఆగగానే ఎంత ఎండ ఉన్నా తానూ ఆగిపోతుంది.

• ‘సున్నా బిల్లు’ లెక్కను మీ ఏడాది బిల్లులతో సరిచూడండి. ఒక కిలోవాట్‌కు రోజుకు సగటున సుమారు 4 యూనిట్లే వస్తాయి, వానాకాలపు మబ్బుల్లో ఇంకా తగ్గుతాయి, బెంగళూరు విద్యుత్ సంస్థ బెస్కాం వేసే స్థిర రుసుము ఎలాగూ ఉంటుంది. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి పొందుతున్న ఇంటికైతే ఆదా చాలా తక్కువ. ఈ విషయాన్ని ప్రకటనలు చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

• ‘25 ఏళ్ల వారంటీ’ సాధారణంగా ప్యానెళ్లు ఇచ్చే విద్యుదుత్పత్తికే వర్తిస్తుంది. ఇన్వర్టర్ వారంటీని విడిగా రాయించుకోండి.