పీవీసీ గొట్టంతో లైట్‌సేబర్ పిడి

1977 నాటి ‘స్టార్ వార్స్’లో కథానాయకుడి లైట్‌సేబర్ (వెలుగే అలుగుగా ఉండే కత్తి) పిడి నిజానికి గ్రాఫ్లెక్స్ అనే పాత ప్రెస్ కెమెరా ఫ్లాష్ గొట్టం, సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ దానికి నల్లని పట్టీలు అతికించి ఆయుధంగా మార్చారు. అసలు గొట్టం ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా ధర చుక్కల్లో ఉంటుంది. కాబట్టి విజయవాడలో పైపులమ్మే దుకాణంలో 40 మి.మీ. పీవీసీ గొట్టం కొనడమే మేలు.

గొట్టాన్ని హాక్సాతో సుమారు 28 సెం.మీ. పొడవున కోసి, అంచులను ఆకురాయితో సాపు చేయాలి. పైన ముద్రించిన అక్షరాలూ ఆ నిగారింపూ పూర్తిగా పోయేవరకు మొదట 220, తరువాత 400 నంబరు ఎమెరీ పేపరుతో తడుపుతూ రుద్దాలి. అసలు శ్రమంతా ఇక్కడే, ఎందుకంటే వెండి రంగు ఒక్క గీతను కూడా దాచదు, పైగా ఎత్తి చూపుతుంది.

ప్రైమరు ఆరాక క్రోమ్ స్ప్రేను పలుచని పూతలుగా వేయాలి. మే నెల బెజవాడ మధ్యాహ్నం కొడితే తుంపర గొట్టాన్ని చేరేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుగ్గా తేలుతుంది. ఉదయాన్నే, గాలి ఆడే నీడలో, మాస్కు కట్టుకుని కొట్టడం ఉత్తమం.

కింది సగానికి నిలువు పట్టీలుగా ఆటోనగర్‌లో దొరికే నల్ల రబ్బరు బీడింగును, నడుమ అల్యూమినియం రేకు పట్టీని, దానిపక్కన ఎమ్‌సీల్‌తో మలచిన ఎర్ర మీటను అమర్చాలి. అడుగున మూతకు చిన్న ఉంగరం బిగిస్తే బెల్టుకు తగిలించుకోవచ్చు.