బరువంతా నీళ్లకే: ఎండకాలం కయాక్ ప్రయాణానికి సామాను ఎంచుకోవడం

మాది దేవరకొండలో కిరాణం దుకాణం. కాంటా ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది కాబట్టి, కృష్ణ మీద కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వేసుకుని ఒక రాత్రి బయట పడుకుందామనుకున్నప్పుడల్లా ప్రతి వస్తువునూ తూచి, గ్రాములు అట్టముక్క మీద రాసుకుంటాను. మీరూ అదే చేయండి. ఇంట్లో కాంటా లేకపోతే లగేజీ తూచే కొక్కెం కాంటా చాలు.

"పడవలో పెట్టేదానికి బరువేంది, నీళ్లే మోస్తయి గదా" అంటాడు మా తమ్ముడు. నాగార్జునసాగర్ 590 అడుగులకు నిండినప్పుడు ఆ మాట నిజమే. మే నెలలో సాగర్ వెనక జలాల ఒడ్డునున్న వైజాగ్ కాలనీ దిక్కు పోయి చూడండి. నీళ్లు వెనక్కి పోయి ఉంటాయి. ముందు నెర్రెలిచ్చిన ఒండ్రు, ఆ తర్వాత కాలు దిగబడే బురద. కొల్లాపూర్ దగ్గరి సోమశిల వైపు కూడా అంతే. శ్రీశైలం జలాశయం తగ్గాకే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుందంటే ఎంత దిగుతుందో అర్థం చేసుకోండి. ఆ బురదలో కయాక్‌నూ సామానునూ మోయాల్సింది మన భుజాలే.

అందుకే లెక్క నీళ్లతో మొదలుపెట్టాలి. మన ఎండకు, తెడ్డు వేస్తూ ఉంటే, మనిషికి రోజుకు ఆరు లీటర్లు పెట్టుకోండి. రెండు రోజులకు పన్నెండు లీటర్లు, అంటే పన్నెండు కిలోలు. దీన్ని తగ్గించే ప్రశ్నే లేదు. మిగతా సామానంతా కలిపి ఐదారు కిలోల్లో ముగిస్తేనే ఈ నీళ్లకు చోటుంటుంది. ఇరవై లీటర్ల క్యాను వద్దు. రెండు లీటర్ల సీసాలైతే కాళ్ల పక్కన, సీటు వెనక ఎక్కడైనా ఒదుగుతాయి, ఒకటి కారినా మిగతావి ఉంటాయి. చేతిలో పట్టే ఫిల్టర్ వంద గ్రాములు కూడా ఉండదు, అత్యవసరానికి ఒకటి వేసుకోండి. ఒండ్రు నీళ్లను ముందు గుడ్డతో వడగట్టకపోతే అది వెంటనే మూసుకుపోతుంది. నల్లగొండ మనిషి ఎవరైనా మొదట అడిగేది "ఫ్లోరైడ్ పోతుందా?" అనే. పోదు, మరిగించినా పోదు. కానీ ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే చేసే చెరుపు. ఒక్క రాత్రికి మనం భయపడాల్సింది సూక్ష్మజీవులకు.

ఇక డేరా. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరికేవి చాలావరకు చలిని, మంచును దృష్టిలో పెట్టుకుని కుట్టినవి. మనకు కావాల్సింది గాలి. లోపలి పొర అంతా జాలీగా ఉన్నది, దోమ దూరనిది, నేల పొర జాలీకి కలిపి కుట్టి ఉన్నది చూడండి. తేళ్లకు, పురుగుకు అదే అడ్డం. రాత్రి పైపొర వేయకుండా పడుకోవచ్చు, కానీ దాన్ని ఇంట్లో వదిలి రాకండి: ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేచి, వెనకే ఉరుములతో వాన పడితే తల దాచుకోవాలి. ఊచలు అల్యూమినియంవైతే తేలిక, ఫైబర్ ఊచలు బరువు, చౌక. ఏవైనా సరే, మడిచినప్పుడు ఒక్కో ముక్క మీ కయాక్‌లో సామాను పెట్టే అర మూతిలోంచి దూరుతుందో లేదో కొనేముందే టేపుతో కొలవండి. మేకులు లేకుండా నిలబడే డేరానే తీసుకోండి. ఎండిన ఒండ్రులో మేకు దిగదు, తడి ఒండ్రులో నిలవదు. మూలలకు ఖాళీ సంచులు కట్టి మట్టి నింపితే గాలికి కదలదు. దీనికి మా దుకాణంలో మిగిలే చిన్న బియ్యం సంచుల్ని మించింది నాకు కనబడలేదు.

పగలు మాత్రం డేరాలో ఉండలేరు. నీడకు వెండిరంగు పూత ఉన్న టార్పాలిన్ వేరే కావాలి. నీళ్లు దిగిన ఒడ్డున చెట్టు ఉండదు కాబట్టి తెడ్లే గుంజలు. రైతులు వడ్లు ఆరబోసే పట్టా పని చేస్తుంది గానీ బరువు. పలుచని నైలాన్‌ది అరకిలోకు అటూ ఇటూ ఉంటుంది. నేను డబ్బు పెట్టమని చెప్పేది ఈ ఒక్కదానికే.

స్లీపింగ్ బ్యాగు కొనకండి. కిలో, కిలోన్నర దండగ. పలుచటి నేత దుప్పటి చాలు. కింద మడిచే ఫోమ్ చాప వేసుకోండి. గాలి కొట్టే పరుపు మెత్తగానే ఉంటుంది, సర్కారు తుమ్మ ముల్లు ఒక్కటి తగిలేవరకు.

స్టవ్ నేను తీసుకుపోను. జొన్న రొట్టెలు, పల్లీల పొడి, అటుకులు, పల్లీ పట్టీలు, నాలుగు ఓఆర్ఎస్ పాకెట్లు. టీ లేకపోతే తలనొప్పి వచ్చేవాళ్లు చిన్న గ్యాస్ డబ్బా తెచ్చుకోండి, కానీ దాన్ని ఎండలో మూసిన అరలో పెట్టొద్దు.

తడవకూడనివన్నీ డ్రై బ్యాగుల్లోకి, అంటే నీళ్లు దూరని సంచుల్లోకి. ఒక్క పెద్దది కాకుండా పది లీటర్లవి రెండు మూడు తీసుకోండి. లోపలి గాలి ఒత్తి తీసి, మూతి మూడు మడతలు వేసి కొక్కెం పెట్టాలి. నీళ్ల సీసాలు సీటు దగ్గర, అడుగున, రెండు పక్కలా సమానంగా. దుప్పటి, డేరా లాంటి తేలికవి ముందూ వెనకా. ముక్కు బరువెక్కితే ఎదురుగాలిలో కయాక్ మాట వినదు. మీ బరువుతో కలిపి మొత్తం కయాక్ మీద రాసిన పరిమితిలో మూడింట రెండొంతులు దాటనీయకండి.

లైఫ్ జాకెట్ బరువు మాత్రం తూచకండి. అది సామానులోకి రాదు, ఒంటి మీద ఉండాలి. దానికి ఒక విజిల్ కట్టండి.

సాగర్ వెనక జలాల ఒడ్డున చాలా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండకూడదు. ప్రాజెక్టుల కింద నది ఒడ్డున కూడా డేరా వేయొద్దు, జలవిద్యుత్ కేంద్రం నడిస్తే నీళ్లు అమాంతం పెరుగుతాయి. కృష్ణలో మొసళ్లున్నాయి కాబట్టి నీటి అంచుకు ఎడంగా, కాస్త మిట్ట మీద పడుకోవాలి. బయలుదేరే ముందు ఒడ్డున చేపలు పట్టే అన్నలను, వలలు ఎక్కడ వేశారో, ఏ రేవులో బురద తక్కువో అడగండి. ఏ పొద్దుకు తిరిగొస్తారో కూడా వాళ్లకు చెప్పే పోండి.