చిప్పు ముందు, సూది తర్వాత, టికెట్టు ఆఖరున

జర్మనీలో ఉద్యోగానికి కుదురుకోగానే మా అమ్మాయి ఆవకాయ పంపమంటుందనుకున్నాను. లచ్చిని పంపమంది. లచ్చి మా ఇంట్లో ఆరేళ్లుగా పెరిగిన తెల్ల పమేరియన్. ఎవరితోనో పంపడానికి మనసొప్పక నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా అది నా కాళ్ల ముందు సంచిలో పడుకుని వచ్చింది. విమానంలో ఆ రాత్రి ఎలాగో గడిచిపోయింది. అసలు కష్టమంతా అంతకుముందు ఏడు నెలల్లో ఉంది, అందులో రెండు నెలలు నా తెలివితక్కువతనం వల్లే పోయాయి. ఇప్పుడు అనంతపురంలో ఎవరి పిల్లలు విదేశాలకు వెళ్లినా, ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే నాకు ఫోను వస్తోంది. చెప్పిందే చెప్పలేక ఇలా రాసిపెడుతున్నాను.

ఫోను చేసినవాళ్లు మొదట అడిగేది టికెట్టు సంగతి. అది ఆఖరి పని. ముందు తారీఖుల వరుస తెలుసుకోవాలి. ఐరోపా సంఘం దేశాలకైతే ఆ వరుస ఇలా ఉంటుంది. మొదట మెడ వెనక, భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ పెట్టించాలి. అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాల చిప్పే కావాలని గట్టిగా అడగండి. చిప్పు పెట్టిన రోజే గానీ ఆ తర్వాత గానీ రేబిస్ టీకా వేయించాలి. అప్పటికి జంతువుకు 12 వారాలు నిండి ఉండాలి. టీకా పడి కనీసం 30 రోజులయ్యాక రక్తం తీసి పరీక్షకు పంపాలి. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా యాంటీబాడీలు, అంటే రోగాన్ని ఎదిరించే కణాలు తయారుచేసే రక్షక పదార్థాలు, ఉన్నాయని తేలాలి. రక్తం తీసిన రోజు నుంచి మరో మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, చాలామంది అక్కడే పొరబడతారు. రేబిస్ విషయంలో ఐరోపావాళ్లు నమ్మే దేశాల జాబితాలో మన దేశం లేదు కాబట్టే ఈ మూడు నెలల నిరీక్షణ. మొత్తం కలిపితే నాలుగు నెలలు ఎలాగూ తప్పవు. ఆరు నెలలు చేతిలో పెట్టుకోండి.

ఇక నా తెలివితక్కువ సంగతి. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు) నాడు, మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. లచ్చికి ఆ జూలైలో టీకా పడింది. సెప్టెంబరులో చిప్పు పెట్టించాను. రెండూ అయిపోయాయి కదా అని నిశ్చింతగా కూర్చున్నాను. నవంబరులో రక్తం తీయించబోతే డాక్టరు కాగితాలు తిరగేసి, "అమ్మా, చిప్పుకన్నా ముందు వేసిన టీకా వాళ్లకు లెక్కలోకి రాదు. టీకా పడింది ఈ కుక్కకేనని నమ్మేది ఎలా?" అన్నాడు. మళ్లీ టీకా, మళ్లీ 30 రోజులు. డిసెంబరు ఆఖరున రక్తం, ఏప్రిల్ మొదట్లో ప్రయాణం. చలికాలంలో వెళ్లాల్సినవాళ్లం అనంతపురం ఎండల్లోకి వచ్చి పడ్డాం.

టీకా పుస్తకంలో చిప్పు నంబరు, చిప్పు పెట్టిన తేదీ, టీకా సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, టీకా తేదీ, దాని గడువు తేదీ, డాక్టరు సంతకం, ముద్ర అన్నీ ఉండాలి. 15 అంకెల్లో ఒక్కటి తారుమారైనా మీ కుక్క ఇంకో కుక్క అయిపోతుంది. సూది వేసే ముందు ప్రతిసారీ స్కానరుతో చిప్పు చదివించండి. రక్త పరీక్ష ఒకసారి నెగ్గాక, బూస్టర్లు గడువు లోపల పడుతున్నంతకాలం మళ్లీ అక్కర్లేదు. గడువు ఒక్క రోజు దాటినా వ్యవహారం మొదటికి వస్తుంది. ఆ తేదీని మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో చుట్టిపెట్టాను.

రక్తం ఎక్కడ తీయించాలనేది చిన్న విషయం కాదు. పరీక్ష ఐరోపా సంఘం ఆమోదించిన ప్రయోగశాలలోనే జరగాలి, మామూలు ల్యాబు రిపోర్టు చెల్లదు. అక్కడికి పంపేది రక్తం కూడా కాదు, దాని నుంచి వేరుచేసిన సీరం, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలే పలచటి ద్రవం. వేరుచేయడం ఆలస్యమైనా, ఎండకు వేడెక్కినా నమూనా పాడైపోతుంది. మేము బెంగళూరులోనే తీయించాం. కడప, ప్రొద్దుటూరు వైపు వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, సలహాకు అక్కడ మొదలుపెట్టవచ్చు.

జర్మనీ కాక వేరే దేశమైతే లెక్క మారుతుంది. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కుక్కల నిబంధనలు బిగించింది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్పు ఉండాలి. మన దేశంలో టీకా వేయించుకున్న కుక్క ప్రత్యేక కేంద్రాలున్న కొద్ది విమానాశ్రయాల్లోనే దిగాలి, ఆ కేంద్రంలో ముందే చోటు మాట్లాడుకోవాలి. రక్త పరీక్ష లేకపోతే 28 రోజులు అక్కడే ఉంచుతారు, ఖర్చు మనదే. పిల్లులకు ఈ బెడద లేదు. బ్రిటన్‌కు క్యాబిన్‌లో పెంపుడు జంతువును తీసుకెళ్లే మాటే లేదు, సరుకుగానే దిగాలి. దుబాయిలో దిగేవాటికీ అంతే. ఎమిరేట్స్ విమానంలో డేగలకు కొన్ని దారుల్లో క్యాబిన్‌లో చోటుంది గానీ లచ్చిలాంటి వాటికి లేదని తెలిసి మా ఇంట్లో ఆ రోజంతా నవ్వుకున్నాం. ఆస్ట్రేలియాకైతే మన దేశం నుంచి నేరుగా పంపడమే కుదరదు. కాబట్టి మధ్యలో విమానం మారేవాళ్లు, మారే ఊరి నియమం కూడా చూసుకోండి. నా మటుకు, వంద డాలర్లు మిగులుతాయని రెండు విమానాలు మారే టికెట్టు కొనడం కంటే నేరుగా వెళ్లే విమానం మేలు.

టికెట్టు కొనేముందు విమాన సంస్థకు ఫోను చేసి జంతువుకు చోటు ఉందో లేదో కనుక్కోండి. ఒక్కో విమానంలో క్యాబిన్‌లోకి కొన్నింటినే అనుమతిస్తారు. మీకు సీటు దొరికి దానికి దొరకకపోతే మీ టికెట్టూ వృథా. అత్యవసర ద్వారం వరుసలో సీటు ఇవ్వరు.

తూకం ఇంకో గండం. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సాలో జంతువు, సంచి కలిపి 8 కిలోలు దాటకూడదు. సంచి 55, 40, 23 సెంటీమీటర్లకు మించకూడదు. మా ఇంట్లో మనుషులు నిలబడే తూకం యంత్రం అరకిలో అటూ ఇటూ చూపిస్తుంది. అందుకని సంచితో సహా లచ్చిని బియ్యం కొట్టుకు తీసుకెళ్లి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాను. కొట్టు అబ్బాయి అంకెలు చూసి, "అక్కా, కిలో ఎంత?" అన్నాడు. 8 కిలోల 400 గ్రాములు! ఆ రోజు నుంచి దాని పెరుగన్నం సగమైంది, మా ఆయన చాటుగా తినిపించే వేరుశనక్కాయలు పూర్తిగా బంద్ అయ్యాయి. ఆరు వారాల్లో 7 కిలోల 800 దగ్గరికి వచ్చింది. చివరి వారంలో పస్తులు పెట్టి దించేద్దామనుకోకండి, నీరసించిన కుక్కను ఎవరూ ఎక్కించుకోరు.

సంచి మెత్తటిది, గాలి ఆడేది, అడుగున నీరు కారనిది కొనండి. లోపల అది లేచి నిలబడి ఇటునుంచి అటు తిరగగలగాలి. ప్రయాణానికి రెండు నెలల ముందే సంచిని ఇంట్లో నేల మీద తెరిచిపెట్టండి. లచ్చి మొదటి వారం దాని చుట్టూ తిరిగి మొరిగింది. లోపల నా పాత నూలు చీర ముక్క పరిచాక మధ్యాహ్నం నిద్ర అందులోనే మొదలుపెట్టింది. తర్వాత జిప్పు మూసి పది నిమిషాలు, అరగంట, రెండు గంటలు ఉంచాం. స్కూటరు మీద, కారులో తిప్పాం. నన్నడిగితే, ఈ తయారీలో కాగితాల తర్వాత అంత ముఖ్యమైనది ఇదే.

మత్తు బిళ్ల వేయవచ్చా అని ప్రతివాళ్లూ అడుగుతారు. వేయకండి. పైకి వెళ్లాక రక్తపోటు పడిపోయి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మత్తులో ఉన్నట్టు కనిపిస్తే విమాన సంస్థ వెనక్కి పంపుతుంది కూడా. పగ్, షీట్జూ, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కువాటికి మామూలుగానే ఊపిరి కష్టం, వాటి విషయంలో డాక్టరు వద్దంటే వాదించకండి. గుండె జబ్బున్న ముసలి కుక్కను మన తృప్తి కోసం అంత దూరం లాక్కెళ్లడం కంటే, దానికి అలవాటైన ఇంట్లో, తెలిసిన మనిషి దగ్గర వదలడమే దయ అని నా అభిప్రాయం. మన వైపు పిడుదుల జ్వరం ఎక్కువ. నెల ముందు ఒకసారి రక్తం చూపించి, పిడుదుల మందు వేయించండి. చెవి వెనక, కాలివేళ్ల సందుల్లో మీరే రోజూ వెతకండి.

ఇక చివరి పది రోజులు. ఐరోపాకు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చిన రోజు నుంచి పది రోజుల్లోపు అక్కడ దిగాలి. ఊళ్లోని డాక్టరు సంతకం ఒక్కటే చాలదు. కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ అధికారి పరీక్షించి ముద్ర వేయాలి. మనకు దగ్గరివి బెంగళూరు, హైదరాబాద్, చెన్నై కార్యాలయాలు. ఐరోపా పత్రం ఇంగ్లీషులోనూ, దిగే దేశపు భాషలోనూ ఉండాలి. బెంగళూరులో అధికారి లచ్చి భుజాల మధ్య స్కానరు పెడితే అది కూతపెట్టలేదు. మళ్లీ పెట్టాడు. మౌనం. నా గొంతు తడారిపోయింది. అతను మాత్రం తొందరపడకుండా మెడ నుంచి పక్కటెముకల దాకా, అక్కడి నుంచి ముందరి కాలి దాకా మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. ఎడమ మోచేయి దగ్గర 'కీ' అంది. చిప్పులు చర్మం కింద అలా జారుతుంటాయట. మీరు బయలుదేరే ముందు ఎక్కడ కూస్తుందో చూసుకుని ఒక చీటీ మీద రాసిపెట్టుకోండి.

ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి గానీ కడప నుంచి గానీ విదేశాలకు విమానాలు లేవు కాబట్టి రోడ్డు ప్రయాణం తప్పదు. అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికి 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 180 కిలోమీటర్లు. విమానం అర్ధరాత్రి దాటాకే గనుక ఎండ తగ్గాక బయలుదేరాం. వేసవిలో పగలు వెళ్లాల్సివస్తే ఏసీ ఉన్న కారే మాట్లాడుకోండి. టీ తాగడానికి ఆగినప్పుడు కారు మూసి దాన్ని లోపల వదిలి వెళ్లకండి, పది నిమిషాలు చాలు ప్రాణం మీదికి రావడానికి. దింపినప్పుడు మెడపట్టీని నమ్ముకోకండి, ఛాతీకి కట్టే హార్నెస్ వేసి తాడు చేతికి చుట్టుకోండి. పెనుకొండ దాటాక ఒక దాబా దగ్గర నాలుగు ఊరకుక్కలు లచ్చిని చూసి పరుగెత్తుకొచ్చాయి. ఆ తాడు లేకపోతే ఈ కథ అక్కడే ముగిసేది.

బయలుదేరడానికి ఐదారు గంటల ముందు కొంచెం తిండి, ఆ తర్వాత గుక్కెడు గుక్కెడు నీళ్లు. లోపలికి వెళ్లేముందు బయట మూత్రం పోయించండి. జంతువుతో వెళ్లేవాళ్లకు ఫోనులో చెకిన్ కుదరదు, కౌంటరు దగ్గరే కాగితాలు, తూకం, రుసుము అన్నీ అవుతాయి. నాలుగు గంటల ముందే చేరండి. భద్రతా తనిఖీలో సంచి ఖాళీగా యంత్రంలోకి పోతుంది, జంతువును మీరు ఎత్తుకుని నడవాలి. బెదిరే పిల్లి అయితే సంచి తెరవకముందే విడిగా గదిలో తనిఖీ చేయమని అడగండి. విమానాశ్రయంలో తప్పించుకున్న పిల్లిని పట్టడం ఎవరి తరమూ కాదు.

లోపల ఎక్కాక పెద్దగా చేసేదేమీ లేదు. జంతువును సంచిలోంచి తీయకూడదు. విమానం పైకి లేచేటప్పుడు లచ్చి వణికింది. జిప్పు సందులోంచి వేళ్లు పెడితే నాకుతూ పడుకుంది. అడుగున పరచిన ప్యాడు ఒకసారి మార్చాను, మురికిది మూసేందుకు జిప్పు కవర్లు పనికొచ్చాయి. కాగితాల ఫైలు పైన పెట్టెలో పెట్టకుండా సీటు జేబులో ఉంచుకోండి.

దిగాక, కస్టమ్స్‌కు చెప్పాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే పచ్చ దారిలో వెళ్లిపోకండి. ఎర్ర దారిలో వెళ్లి కస్టమ్స్‌వాళ్లకు జంతువు ఉందని మీరే చెప్పాలి. అక్కడే చిప్పు చూస్తారు, కాగితాలు చూస్తారు. "ఎడమ మోచేయి" అని చీటీ చూపించాను. సాయపడింది. ఇంకో మాట, ఐరోపాలోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. మాంసం ఉన్న కుక్క తిండి పొట్లాలూ ఆ లెక్కలోకే వస్తాయి, మనం ప్రేమగా కట్టుకెళ్లే నెయ్యీ వస్తుంది. నా నెయ్యి డబ్బా ఎర్ర దారిలోనే ఆగిపోయింది.

తిరిగి తేవాలనుకునేవాళ్లు, వెళ్లకముందే క్వారంటైన్ కార్యాలయంలో తిరుగు ప్రయాణపు నియమాలు అడిగి, ఇక్కడ ఇచ్చిన ప్రతి కాగితం నకలూ దాచుకోండి. లచ్చి మాత్రం అక్కడే ఉండిపోయింది. జర్మనీలో కుక్కలకు ఊరి పురపాలక సంఘం పన్ను వేస్తుంది. వెళ్లిన కొన్నాళ్లకు మా అమ్మాయి ఇంటికి లచ్చి పన్ను కట్టమని ఉత్తరం వచ్చింది.