హీబ్రూ ఊరి పేర్లు విడదీద్దాం – 3వ పాఠం: బేతేలు

కిందటి పాఠంలో బేత్లెహేమును విరిచి ‘రొట్టెల ఇల్లు’ అని తేల్చాం. బైబిల్లోని మరో ఊరు బేతేలుదీ అదే వంశం.

ముందు చివరి ఉకారం తీసేయండి. అది తెలుగు నోటి కోసం చేరింది. మిగిలిన బేతేల్‌ను బేత్, ఏల్ అని రెండుగా రాయండి. బేత్ అంటే ఇల్లు, ఏల్ అంటే దేవుడు. హీబ్రూలో ఇల్లు ముందు, ఇంటాయన వెనుక. తెలుగులో ఇంటాయనే ముందు. అందుకే రెండో ముక్కతో మొదలుపెట్టి చదవాలి: దేవుని ఇల్లు. ‘దేవాలయం’ అన్నా ఇదే అర్థం, వరుసే తిరగబడింది.

విచిత్రం ఏమిటంటే, పేరు పెట్టిన రోజున అక్కడ ఇశ్రాయేలీయుల మూలపురుషుడు యాకోబు ముందున్నది ఇల్లు కాదు, రాయి. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం 28వ అధ్యాయంలో అతడు హారానుకు వెళుతూ ఆ రాయిని తలగడ చేసుకున్నాడు, ఆకాశాన్నంటే నిచ్చెనను కలగన్నాడు. తెల్లవారగానే రాయిని నిలబెట్టి, నూనె పోసి, బేతేలు అన్నాడు. అంతకుముందు ఆ ఊరు లూజు.

తర్వాత ఇశ్రాయేలు రాజు యరొబాము అక్కడే పూజకు బంగారు దూడను నిలిపాడు. హోషేయ ప్రవక్తకు ఒళ్లు మండింది. ‘ఏల్’ పీకి ‘ఆవెన్’ తగిలించి బేతావెను అన్నాడు. ఆవెన్ అంటే దోషం. ఒక్క ముక్క మార్చి ఊరిని తిట్టడం! ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పాలస్తీనాలో రామల్లా దగ్గరి బేతీన్ అనే పల్లెలో పాత పేరు ఇంకా వినిపిస్తుందని 1838లో అమెరికన్ బైబిల్ పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ గుర్తించాడు. లకారం నకారమైంది, అంతే. అరబ్బీ ‘బైత్’ కూడా ఇల్లే.

పేరు మాత్రం ఊరు దాటింది. వేల్స్‌లో ప్రార్థన మందిరానికి పెట్టిన బేతెల్ పేరే చుట్టూ పెరిగిన పల్లెకు అంటుకుంది. అలాస్కాలో 1885లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు ఒక ఊరికి ఆ పేరు పెట్టారు. 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవం నిజానికి జరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని బేతెల్‌లో. మన ఊళ్లలో ‘బేతేలు మందిరం’ అన్న బోర్డు చూస్తే నాకు నవ్వొస్తుంది: దేవుని ఇల్లు ఇల్లు!

అభ్యాసం: బేత్సయిదా, బెయేర్షెబా విడదీయండి. మొదటిదానికి ఆధారం, ‘సయిద్’ అంటే వేట. రెండోదానిలో బేత్ కోసం వెతకకండి, అక్కడున్నది బావి.