'ఎడ్వర్డ్ సిజర్‌హ్యాండ్స్' వేసి చర్చ నడపడం ఎలా? తిరుపతి కాలేజీ ఫిల్మ్ క్లబ్బులకు

టిమ్ బర్టన్ 1990లో తీసిన ఈ సినిమా చూశాక పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రెండు వేరు కథలు చెప్తారు. ఒకరికి చేతుల బదులు కత్తెరలున్న ఎడ్వర్డ్ ఊరు వెలేసిన అమాయకుడు. ఇంకొకరికి మనిషిని పొడిచి కిటికీలోంచి తోసినవాడు. రెండింటికీ సినిమాలో ఆధారం ఉంది. అందుకే ఎవరిది కరెక్టని చేతులెత్తించకండి. ప్రతి మాటనూ అది పుట్టిన సీను దగ్గరికి తీసుకెళ్లండి.

సినిమా 105 నిమిషాలు. టీకి పది నిమిషాలు, చర్చకు గంట కలిపి హాలు మూడు గంటలకు తీసుకోండి. పాతికమంది దాటితే వెనక వరసలు నోరు విప్పవు. మే నెలలో ఇక్కడ ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది, కిటికీలకు నల్లగుడ్డ కట్టాల్సిందే. ఎడ్వర్డ్ ఉండే బూడిదరంగు కోటకూ కింది కాలనీలోని లేతరంగుల ఇళ్లకూ ఉన్న తేడా తెర మీద తెలియకపోతే సగం చర్చ అక్కడే పోయినట్టు. విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులకే పరిమితమైన కాలేజీ కార్యక్రమానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. బయటివాళ్లను పిలిస్తే హక్కుదారుల అనుమతి తీసుకోవాలి.

సబ్‌టైటిల్ ఫైలుకు సినిమా ఫైలు పేరే పెట్టండి. మాటకు ముందో వెనకో పడుతుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ కీలతో సరిచేయొచ్చు. పెగ్, ఆమె భర్త బిల్, వాళ్ల పిల్లలు కిమ్, కెవిన్, కిమ్ ప్రియుడు జిమ్, ఇరుగింటి జాయిస్ - ఎవరికి ఎవరు ఏమవుతారో బోర్డు మీద రాసిపెట్టండి. కథ మాత్రం ముందే చెప్పకండి.

లైట్లు వేయగానే ఎవర్నీ మాట్లాడనివ్వకుండా చీటీలు పంచండి. ప్రశ్న ఒక్కటే: 'ఎడ్వర్డ్ మళ్లీ కోటకు పోవడానికి కారణం ఎవరు?' ఐదు నిమిషాల్లో రెండు వాక్యాలు, పేరు లేకుండా. ఈ పని టీకి ముందే అయిపోవాలి. గట్టిగొంతువాడు మొదట మాట్లాడితే మిగతావాళ్లు వాడి మాటకే తలూపుతారు. టీ తాగే లోపు చీటీలను కుప్పలుగా వేరు చేసుకోండి. కాలనీ జనం, జిమ్, ఇంటింటికీ తిరిగి సౌందర్య సాధనాలు అమ్ముకుంటూ వాణ్ణి ఇంటికి తెచ్చిన పెగ్, ఎడ్వర్డే - మామూలుగా ఈ నాలుగూ వస్తాయి.

చిన్న కుప్పతో మొదలుపెట్టండి. 'పెగ్‌దే తప్పు' అన్నవాళ్లను సీను అడగండి. సీను చెప్పలేకపోతే ఆ మాట పక్కన పెట్టి ముందుకు పోండి. తెర మీద మళ్లీ వేయడానికి మూడు సీన్లు చాలు. ఒకటి దొంగతనం: అది జిమ్ ఇల్లని తెలిసి కూడా కిమ్ అడిగిందనే వెళ్లానని ఎడ్వర్డ్ తర్వాత చెప్తాడు. రెండోది వ్యాన్ కింద పడబోయిన కెవిన్‌ను కాపాడబోయి ముఖం కోయడం. మూడోది జిమ్ చావు. కాపాడిన చెయ్యీ, చంపిన చెయ్యీ ఒకటే కాబట్టి చివరి రెండూ వెంటవెంటనే వేయండి. అమాయకుడని రాసినవాళ్లకు నిజమైన పరీక్ష ఇక్కడే. సమయాలు మీ కాపీలోనే చూసి రాసుకోండి, కాపీని బట్టి మారుతాయి.

తిరుపతి ప్రేక్షకుల్లో ఇంకో కోణం వస్తుంది, దాన్ని తప్పకుండా పైకి తీయండి. గంగమ్మ జాతరలో వేషాలు చూస్తూ పెరిగినవాళ్లకు భయంకరమైన రూపం కనబడగానే చెడ్డవాడని తోచదు. వేషంలో ఉన్నవాడు బూతులు తిట్టినా ఎవరూ తప్పుపట్టరు. కాలనీ కూడా ఎడ్వర్డ్ చెట్లు, కుక్కల బొచ్చు, ఆడవాళ్ల జుట్టు కత్తిరించినన్నాళ్లూ వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. కానీ జాతర అయ్యాక వేషం తీసేస్తారు. ఎడ్వర్డ్ తీయలేడు. 'చేతులు మామూలువి అయ్యుంటే కాలనీ వాణ్ణి పిలిచేదా?' అని అడిగి కాసేపు ఊరుకోండి.

చివరి పదిహేను నిమిషాలు కిమ్‌కు ఉంచండి. ముసలితనంలో మనవరాలికి ఈ కథ చెప్తున్నది ఆమే. కోటలో ఎడ్వర్డ్, వాణ్ణి తయారుచేసిన ముసలాయన ఉన్న సీన్లు ఆమె చూసినవి కావు. పైగా విడి కత్తెర చెయ్యి చూపించి, జిమ్, ఎడ్వర్డ్ ఇద్దరూ చచ్చిపోయారని జనాన్ని నమ్మించిందీ ఆమే. అట్లాంటప్పుడు మనం చూసింది ఎడ్వర్డ్‌నా, కిమ్ గుర్తుపెట్టుకున్న ఎడ్వర్డ్‌నా? అన్నిటికంటే బలమైన ప్రశ్న ఇదే. మొదట్లోనే అడిగితే 'అంతా కల్పన' అని తేల్చేసి మిగతా సీన్లను వదిలేస్తారు.

టీనేజీలో ఒంటరితనంతో గీసుకున్న బొమ్మ నుంచి ఈ పాత్ర పుట్టిందని బర్టన్ చెప్పాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే కాదనకండి, కానీ మీరుగా ముందే చెప్పకండి. డైరెక్టర్ మాట వచ్చాక సీన్ల మీద వాదన ఆగిపోతుంది. ఎటూ తేలకపోయినా హాస్టల్ గేట్ల టైముకు ముగించి, చీటీలు ఏ కుప్పవి ఆ కుప్పగా గోడకు అంటించండి.